కర్క్యుమిన్ క్యాప్సూల్స్ సమీక్ష: సీసా మీద రాసిందెంత, కణం దాకా చేరేదెంత

మందుల షాపులోనైనా ఆన్‌లైన్‌లోనైనా పసుపు క్యాప్సూల్ సీసాల మీద రాత దాదాపు ఒకే అచ్చులో ఉంటుంది. పసుపులోని ముఖ్య పదార్థమైన కర్క్యుమిన్ రోగనిరోధక కణాల్లో ఇన్‌ఫ్లమేషన్‌ను (మంట, వాపు తెచ్చే స్పందనను) తగ్గిస్తుందని ఒక ముక్క, మిరియాల సారం (పైపరిన్) కలపడం వల్ల 2000 శాతం ఎక్కువగా ఒంటికి పడుతుందని ఇంకో ముక్క. రెండింటి వెనకా నిజమైన ప్రయోగాలే ఉన్నాయి. ఆ ప్రయోగాల్లోని అంకెలకూ సీసాలోని అంకెలకూ లంకె కుదురుతుందా అన్నదే కొనేవాళ్లు చూసుకోవాల్సింది. ఈ సమీక్ష ఏదో ఒక కంపెనీ సరుకు మీద కాదు. మన మార్కెట్లో తిరిగే నాలుగైదు రకాల తయారీల్లో ఏది దేనికి పనికొస్తుంది, ఏది డబ్బు దండగ అన్నది చూద్దాం.

తీర్పు ముందే చెప్పేస్తాం. మోకాలి కీలు అరిగి నొప్పితో ఉండి, నొప్పి బిళ్లలు కడుపుకు పడనివాళ్లు నాలుగు నుంచి ఆరు వారాలు వాడి చూడదగ్గ సరుకు ఇది. ‘ఇమ్యూనిటీ కోసం’, ‘ముందుజాగ్రత్తగా’ అంటూ రోజూ మింగడానికి చాలినంత ఆధారం లేదు. కాలేయం జబ్బు ఉన్నవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు డాక్టరు చెప్పకుండా దీన్ని ముట్టుకోకూడదు.

కణం లోపల

బాక్టీరియా పైపొరలో ఉండే లిపోపాలీశాకరైడ్ తగిలినప్పుడు మాక్రోఫేజ్ అనే తెల్ల కణం ఉలిక్కిపడుతుంది. కణం మీది టీఎల్‌ఆర్-4 అనే గ్రాహకం దాన్ని పట్టుకుంటుంది. అక్కణ్నుంచి కొన్ని ప్రొటీన్లు చేతులు మార్చుకుంటూ ఆ కబురును ఐకేకే అనే ఎంజైము దాకా చేరవేస్తాయి. మామూలు వేళల్లో ఎన్‌ఎఫ్-కప్పా-బీ అనే ప్రొటీన్‌ను ఐ-కప్పా-బీ అనే ఇంకో ప్రొటీన్ కేంద్రకం బయటే ఆపి ఉంచుతుంది. ఐకేకే ఈ కాపలా ప్రొటీన్‌కు ఫాస్ఫేటు తగిలించగానే కణం దాన్ని ముక్కలు చేసేస్తుంది. కాపలా తొలగిన ఎన్‌ఎఫ్-కప్పా-బీ కేంద్రకంలోకి వెళ్లి టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-1-బీటా, కాక్స్-2 వంటి మంట రేపే ప్రొటీన్ల జన్యువులను నడిపిస్తుంది. జ్వరం, ఎరుపు, వాపు, నొప్పి అన్నీ ఇక్కణ్నుంచి వచ్చేవే.

ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్ల ఈ వరసలో చిట్టచివరనున్న కాక్స్ ఎంజైమును ఆపుతుంది. కర్క్యుమిన్ అంతకంటే పైన, ఐకేకే దగ్గరే అడ్డుపడుతుందన్నది దాని గొప్పగా చెప్పుకునే సంగతి. 1995లో అమెరికాలో సింగ్, అగర్వాల్ ప్రచురించిన పత్రంతో ఈ మాట మొదలైంది. తర్వాతి కాలంలో అగర్వాల్ పేరున్న పత్రాలు చాలా ఉపసంహరణకు గురయ్యాయి కాబట్టి ఆయన ఒక్కరి మాట మీద ఆధారపడనక్కర్లేదు. వేరే ప్రయోగశాలలు కూడా వేరే కణాల్లో ఐకేకే దగ్గర అడ్డుపడడాన్ని చూపించాయి. కణాల దాకా ఈ మాట నిజమే.

అయితే కర్క్యుమిన్ ఏ ఒక్క తాళానికో సరిపోయే తాళంచెవి కాదు. ప్రొటీన్లలోని సిస్టీన్ గంధకానికి అతుక్కునే గుణం దానిది. అందుకే ఐకేకే మీదా పనిచేస్తుంది, కీప్-1 అనే ప్రొటీన్ మీదా పనిచేసి ఎన్ఆర్ఎఫ్-2 అనే కణ రక్షణ దారిని తెరుస్తుంది, ఎన్‌ఎల్‌ఆర్‌పీ-3 ఇన్‌ఫ్లమసోమ్ అనే మంట రేపే ప్రొటీన్ల గుంపు మీదా పనిచేస్తుంది. ప్రకటనల్లో దీన్ని ‘బహుముఖ ప్రభావం’ అంటారు. మందుల రసాయన శాస్త్రవేత్తలకు ఇది అనుమానించాల్సిన లక్షణం. అన్నింటికీ అతుక్కునే అణువు ప్రతి పరీక్షలోనూ పనిచేసినట్టే కనిపిస్తుంది. పైగా దానికి సొంత రంగుంది, సొంత మెరుపుంది. రంగునీ మెరుపునీ కొలిచి ఫలితం చెప్పే పరీక్షలను ఆ రెండూ తప్పుదారి పట్టిస్తాయి. 2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో నెల్సన్ బృందం రాసిన సమీక్ష ఈ అభ్యంతరాలన్నింటినీ ఒకచోట పేర్చింది. కర్క్యుమిన్ నిలకడలేనిదనీ, దేనితో పడితే దానితో చర్య జరుపుతుందనీ, ఒంటికి పట్టదనీ అది తేల్చింది.

ప్రయోగశాల పళ్లెంలో ఎక్కడెక్కడ పొరపాటు జరుగుతుంది

కంపెనీల వెబ్‌సైట్లలో చూపించే గ్రాఫులు ఎక్కువగా రా 264.7 అనే ఎలుక మాక్రోఫేజ్ కణాల మీద చేసినవి. వాటిని చదివేటప్పుడు నాలుగు సంగతులు చూడాలి.

మొదటిది క్రమం. చాలా ప్రయోగాల్లో మొక్క సారాన్ని ముందే వేసి, గంటో రెండు గంటలో ఆగి, ఆ తర్వాత లిపోపాలీశాకరైడ్ వేస్తారు. అంటే మంట రాకముందే కాపలా పెట్టారన్నమాట. మీరు క్యాప్సూల్ కొనేది మోకాలు వాచాక.

రెండోది, కణాలు బతికే ఉన్నాయా అన్నది. గాఢత 20, 25 మైక్రోమోలార్ (ద్రావణంలో పదార్థం ఎంతుందో చెప్పే కొలమానం) దాటితే కర్క్యుమిన్ ఈ కణాలను చంపడం మొదలుపెడుతుంది. చచ్చే కణం టీఎన్‌ఎఫ్ తయారుచేయదు. గ్రాఫులో అది ‘ఇన్‌ఫ్లమేషన్ తగ్గింది’ అన్నట్టే కనబడుతుంది. పక్కనే కణాల బతుకు శాతం చూపించని గ్రాఫును పట్టించుకోనవసరం లేదు.

మూడోది ఎలుకకూ మనిషికీ తేడా. ఎలుక మాక్రోఫేజ్‌లు లిపోపాలీశాకరైడ్ తగలగానే నైట్రిక్ ఆక్సైడ్‌ను బోలెడంత వదులుతాయి. మనిషి మాక్రోఫేజ్‌లు పళ్లెంలో అలా వదలవు. నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుదల ఒక్కటే చూపించి మనుషులకు అన్వయిస్తే ఆ వాదన నిలవదు. మనిషి రక్తం నుంచి తీసిన మోనోసైట్లలోనో, కనీసం టీహెచ్‌పీ-1 అనే మనిషి కణాల్లోనో టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 కొలిచిన ఫలితానికి విలువ ఎక్కువ.

నాలుగోది అందరూ మరచిపోయేది. శుద్ధి చేయని మొక్క సారాల్లో బాక్టీరియా అవశేషంగా లిపోపాలీశాకరైడ్ తనంతట తానే ఉంటుంది. అంటే పరీక్షించే పదార్థంలోనే మంట పెట్టే పదార్థం కలిసి ఉంది. ‘రోగనిరోధక కణాలను ఉత్తేజపరుస్తుంది’ అని చెప్పుకునే కొన్ని సారాల గుట్టు ఇదే. లిపోపాలీశాకరైడ్‌ను పట్టేసుకునే పాలీమిక్సిన్-బీ కలిపి ఆ ప్రభావాన్ని తీసేశాక కూడా ఉత్తేజం మిగిలితేనే అది మొక్కది.

ఇంకో చిక్కు పీహెచ్‌తో. ప్రొటీన్లు లేని 7.2 పీహెచ్ ద్రావణంలో, 37 డిగ్రీల దగ్గర, కర్క్యుమిన్‌లో దాదాపు 90 శాతం అరగంటలో విరిగిపోతుంది. సీరం కలిపితే నిలకడ వస్తుంది, గంటకు 20 శాతం లోపే పోతుంది. కానీ సీరంలోని ఆల్బుమిన్ దాన్ని పట్టేసుకుంటుంది కాబట్టి కణానికి స్వేచ్ఛగా అందేది తగ్గుతుంది. అసలు పని చేసేది కర్క్యుమినా, అది ఆక్సీకరణ చెందాక వచ్చే పదార్థాలా అన్న చర్చ ఇంకా తెగలేదు. రెండోదానికి మంచి ఆధారాలే ఉన్నాయి.

అసలు లెక్క

పళ్లెంలో ఎన్‌ఎఫ్-కప్పా-బీ ఆగడానికి మామూలుగా 5 నుంచి 50 మైక్రోమోలార్ దాకా వాడతారు. మధ్యస్థంగా 10 అనుకుందాం. కర్క్యుమిన్ అణుభారం 368. కాబట్టి 10 మైక్రోమోలార్ అంటే మిల్లీలీటరుకు 3.68 మైక్రోగ్రాములు.

రక్తంలోకి చేరేదెంత? 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో శోబ బృందం ఆరోగ్యవంతులకు 2 గ్రాముల కర్క్యుమిన్ ఒక్కసారే ఇచ్చి చూసింది. గంట తర్వాత సీరంలో మిల్లీలీటరుకు 0.006 మైక్రోగ్రాములు. కొందరిలో అసలు దొరకలేదు. అదే 2 గ్రాములకు 20 మిల్లీగ్రాముల పైపరిన్ కలిపితే ముప్పావు గంటకు 0.18 మైక్రోగ్రాములు కనిపించింది. సీసాల మీది ‘2000 శాతం’ ఇక్కడిదే. జేబులో ఐదు పైసలున్నవాడికి రూపాయి ఇచ్చి ఆస్తి 2000 శాతం పెరిగిందన్నట్టు. 0.18 మైక్రోగ్రాములంటే అర మైక్రోమోలార్. పళ్లెంలో వాడిన 10 మైక్రోమోలార్‌లో ఇరవయ్యో వంతు. అదీ 2 గ్రాముల మోతాదుకు, కాసేపటికి మాత్రమే. సీసాలోని క్యాప్సూల్ అందులో నాలుగో వంతు, 500 మిల్లీగ్రాములు.

పేగు గోడ, కాలేయం కలిసి కర్క్యుమిన్‌కు గ్లూకురోనైడ్‌ను, సల్ఫేట్‌ను తగిలించి బయటికి పంపేస్తాయి. పైపరిన్ ఆ పనిని కొంతసేపు ఆపుతుంది. మిగతా తయారీలన్నీ దీన్నే వేరే దారుల్లో దాటాలని చూస్తాయి.

పోలికకు, నిజంగా పనిచేసే మొక్క మందు ఎలా ఉంటుందో చూడండి. కోల్చిసిన్ అగ్నిశిఖ మొక్కలో దొరుకుతుంది. మన వైపు అడవినాభి అని కూడా అంటారు, తమిళనాడులో విత్తనాల కోసం సాగుచేస్తారు. అర మిల్లీగ్రాము చుట్టుపక్కల మోతాదుకు రక్తంలో దాని గరిష్ఠ స్థాయి కొన్ని నానోమోలార్లే (మైక్రోమోలార్‌లో వెయ్యో వంతు ఒక నానోమోలార్). అయినా అది న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాల్లో పోగుపడి, ట్యూబ్యులిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని, ఆ కణాల కదలికనూ ఇన్‌ఫ్లమసోమ్‌నూ ఆపుతుంది. గౌట్‌కు ఎప్పట్నుంచో మందు. 2020లో 5522 మంది గుండెజబ్బు రోగుల మీద జరిగిన లోడోకో-2 పరీక్షలో రోజుకు 0.5 మిల్లీగ్రాములతో గుండె ప్రమాదాలు 9.6 శాతం నుంచి 6.8 శాతానికి తగ్గాయి. 2024లో వచ్చిన ఇంకో పెద్ద పరీక్షలో గుండెపోటు వచ్చిన వెంటనే మొదలుపెట్టినవాళ్లలో ఆ లాభం కనబడలేదు. చికిత్సకూ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ. దుంప తిని చనిపోయినవాళ్లున్నారు, డాక్టరు చీటీ లేకుండా తాకకూడని మందు. కణంలో ఇంత గట్టిగా పనిచేసే పదార్థం సప్లిమెంట్ అరలో ఎందుకు ఉండదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఏ రకం ఎలా ఉంది

95 శాతం సారం (కర్క్యుమినాయిడ్లు, అంటే కర్క్యుమిన్, దాని తోబుట్టువులు 95 శాతం ఉన్నది), పైపరిన్‌తో: మార్కెట్లో ఎక్కువగా దొరికేది, చవకైనది. క్యాప్సూల్‌కు 500 మిల్లీగ్రాముల సారం, 5 మిల్లీగ్రాముల పైపరిన్. నిష్పత్తి బెంగళూరు ప్రయోగంలోనిదే, నూటికి ఒకటి. నాణ్యమైన సారంలో కర్క్యుమిన్ ఒక్కటే ఉండదు. మూడు కర్క్యుమినాయిడ్లలో సుమారు 77 శాతం కర్క్యుమిన్, 17 శాతం డీమెథాక్సీ, మిగిలింది బిస్‌డీమెథాక్సీ. ల్యాబ్ నివేదికలో ఒక్క కర్క్యుమినే ఉండి మిగతా రెండూ లేకపోతే అది పసుపు కొమ్ముల్లోంచి కాక రసాయన కర్మాగారంలోంచి వచ్చిందేమోనని అనుమానించాలి. ఈ రకంతో ఇబ్బంది కర్క్యుమిన్ వల్ల కంటే పైపరిన్ వల్లే ఎక్కువ. పైపరిన్ కర్క్యుమిన్ బయటికి పోవడాన్ని మాత్రమే ఆపి ఊరుకోదు. ఫెనిటోయిన్, ప్రొప్రనొలాల్, థియోఫిలిన్ రక్తస్థాయిలను కూడా పెంచుతుంది. మూర్ఛ మందులు వాడేవాళ్లు ఈ రకం జోలికే పోవద్దు.

పసుపు నూనెతో కలిపినది: కేరళలోని అర్జున నాచురల్ తయారుచేసే బీసీఎం-95 ఈ తరహాది. కర్క్యుమినాయిడ్లను పసుపు సుగంధ తైలంలోని టర్మరోన్లతో తిరిగి కలుపుతారు. పైపరిన్ ఉండదు. సుమారు ఏడు రెట్లు ఎక్కువగా పడుతుందన్నది వాళ్ల అధ్యయనం లెక్క. మనుషుల్లో, ముఖ్యంగా మోకాళ్ల మీద, పరీక్షలు చెప్పుకోదగ్గన్ని జరిగినవాటిలో ఇదొకటి. ఇతర మందులు వాడే పెద్దవాళ్లకు పైపరిన్ రకం కంటే ఇదే మేలని మా ఎంపిక.

ఫైటోసోమ్: ఇటలీ కంపెనీ ఇండెనా తెచ్చిన మెరీవా ఈ రకం. సోయా లెసితిన్‌తో కలుపుతారు. ఇక్కడ లేబుల్ దగ్గర మోసపోయేవాళ్లు ఎక్కువ: 500 మిల్లీగ్రాముల మెరీవాలో కర్క్యుమినాయిడ్లు సుమారు 100 మిల్లీగ్రాములే. శోషణ 29 రెట్లు అన్న అంకె 2011 నాటి పత్రంలోది. అదే పత్రంలో, రక్తంలో దొరికినవి గ్లూకురోనైడ్, సల్ఫేట్ తగిలిన రూపాలేననీ, ఆ స్థాయిలు కూడా చాలా లక్ష్యాలను ఆపడానికి కావాల్సినదానికంటే తక్కువనీ రాశారు. ప్రకటనలో ఈ రెండో వాక్యం ఉండదు.

నానో, మైసెల్ రకాలు (కర్క్యుమిన్‌ను అతిసూక్ష్మ కణాలుగా చేసినవి): 185 రెట్లు లాంటి అంకెలు వచ్చేది వీటికే. ఖరీదు కూడా అలాగే. ఈ అంకెలను కొలిచే పద్ధతి తెలుసుకోవాలి. రక్త నమూనాకు ముందు గ్లూకురోనిడేజ్ ఎంజైము కలిపి, తగిలించిన గ్లూకురోనైడ్ తోకలన్నీ కత్తిరించి, వచ్చిన మొత్తాన్ని ‘కర్క్యుమిన్’ అని లెక్కేస్తారు. కణాల్లో పరీక్షించింది తోక లేని స్వేచ్ఛా కర్క్యుమిన్‌ను. రెండూ ఒకటి కావు. పైగా శోషణ బాగా పెరిగితే కాలేయం మీద భారమూ పెరగొచ్చు. ఈ రకానికి డబ్బు పెట్టమని మేం చెప్పం.

మెంతి గమ్‌తో కలిపిన రకం కూడా కేరళ నుంచే వస్తోంది. స్వేచ్ఛా రూపం కాస్త ఎక్కువ చేరుతుందని తయారీదార్ల అధ్యయనాలు చెబుతాయి. పైపరిన్ లేదు కాబట్టి అభ్యంతరం లేదు.

ఉట్టి పసుపు పొడి నింపిన క్యాప్సూల్స్ మాత్రం కొనొద్దు. ‘పసుపు 1000 మిల్లీగ్రాములు’ అని పెద్దక్షరాల్లో, ‘95 శాతం సారం 50 మిల్లీగ్రాములు’ అని చిన్నక్షరాల్లో రాసినవి ఇవే. పొడిలో మూడు శాతం వేసుకున్నా మొత్తం 80 మిల్లీగ్రాములు దాటదు. వంటింటి డబ్బాలో చెంచాడు పసుపులో ఉన్నంతే.

ధర పోల్చేటప్పుడు సీసా ధర చూడొద్దు. ఒక క్యాప్సూల్ ధరను అందులోని కర్క్యుమినాయిడ్ల మిల్లీగ్రాములతో భాగించి, వందతో హెచ్చించండి. 60 క్యాప్సూళ్ల సీసా 600 రూపాయలు, ఒక్కోదాంట్లో 475 మిల్లీగ్రాములు అనుకుంటే వంద మిల్లీగ్రాములకు రెండు రూపాయల పది పైసలు. అదే 600 రూపాయల సీసాలో ఉట్టి పొడి రకం ఉంటే వందకు పన్నెండు రూపాయలు దాటుతుంది. ఫైటోసోమ్‌ను మాత్రం ఈ లెక్కతో పోల్చకూడదు, దాని పరీక్షలు జరిగిందే తక్కువ మోతాదులతో.

సీసా వెనక ఇంకో రెండు చూడండి. పద్నాలుగంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరో, ఆయుష్ తయారీ లైసెన్సు నంబరో, రెండిట్లో ఒకటి ఉండాలి. బ్యాచ్ నంబరుతో సరిపోయే విశ్లేషణ నివేదిక అడిగితే ఇవ్వాలి. అందులో హెచ్‌పీఎల్‌సీ (పదార్థాలను విడదీసి కొలిచే) పద్ధతిలో కర్క్యుమినాయిడ్ల శాతం, సీసం, మిగిలిపోయిన ద్రావకాలు ఉన్నాయా చూడండి. సారం తీయడానికి అసిటోన్, ఇథైల్ అసిటేట్, ఒక్కోచోట ఇథిలీన్ డైక్లోరైడ్ వాడతారు. చివరిది ఉందేమో తప్పక చూడాలి.

మనుషుల మీద ఏం తేలింది

మోకాలి అరుగుదలకు ఆధారం ఉన్నంతలో గట్టిది. 2014లో థాయ్‌లాండ్‌లో 367 మందికి నాలుగు వారాలు రోజుకు 1500 మిల్లీగ్రాముల పసుపు సారం, లేదా 1200 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్ ఇచ్చారు. నొప్పి తగ్గడంలో సారం వెనకబడలేదు, కడుపునొప్పి తక్కువమందికి వచ్చింది. 2019లో మన దేశంలో 139 మంది మీద జరిగిన పరీక్షలో రోజుకు మూడుసార్లు 500 మిల్లీగ్రాముల కర్క్యుమిన్‌ను, రోజుకు రెండుసార్లు 50 మిల్లీగ్రాముల డైక్లోఫెనాక్‌ను 28 రోజులు పోల్చారు. ఫలితం అలాంటిదే. అయితే ఆ రెండోది మాత్రలు ఎవరికి ఏవో తెలిసే జరిగిన పరీక్ష. నొప్పి విషయంలో అది చిన్న లోపం కాదు.

మా దృష్టిలో అన్నింటికంటే ఎక్కువ చెప్పేది 2020లో ఆస్ట్రేలియాలోని టాస్మేనియా పరీక్ష. మోకాల్లో నీరు చేరి వాపు ఉన్న 70 మందిని ఎంచుకుని, 12 వారాలు పసుపు సారమో ఉత్తుత్తి మాత్రో ఇచ్చారు. నొప్పి వంద మిల్లీమీటర్ల కొలబద్ద మీద ఉత్తుత్తి మాత్ర కంటే సుమారు 9 మిల్లీమీటర్లు ఎక్కువ తగ్గింది. కానీ ఎంఆర్‌ఐలో కీలులోని నీరు తగ్గలేదు. అంటే ఉపశమనం ఉంది, కొద్దిపాటిది. అది రోగనిరోధక కణాల్లో మంట ఆరడం వల్లే వచ్చిందని చెప్పడానికి మాత్రం ఈ పరీక్ష సాక్ష్యం ఇవ్వలేదు. సీసా మీది వాక్యానికీ మోకాలిలో జరిగినదానికీ మధ్య ఖాళీ సరిగ్గా ఇక్కడే ఉంది.

పేగు సంగతి వేరు. రక్తంలోకి చేరకపోవడమే అక్కడ లాభం, ఎందుకంటే మింగిన కర్క్యుమిన్ చాలావరకు పేగులోనే మిగులుతుంది. అక్కడి కణాలకు పళ్లెంలో వాడినంత గాఢత అందే అవకాశం ఉంది. పెద్దపేగులో పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్‌లో, దాని మామూలు మందు మెసలమిన్‌కు తోడుగా రోజుకు 3 గ్రాములు ఇచ్చిన 2015 నాటి 50 మంది పరీక్షలో నెల తర్వాత కర్క్యుమిన్ గుంపులో 53.8 శాతం మందికి జబ్బు అణిగింది, ఉత్తుత్తి మాత్ర గుంపులో ఎవరికీ అణగలేదు. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు 2017లో రోజుకు 450 మిల్లీగ్రాములే ఇచ్చి చూస్తే ఫలితం రాలేదు. ఇక్కడ మోతాదే అంతా. ఇది గ్యాస్ట్రో డాక్టరు చూస్తూ, అసలు మందుకు తోడుగా చేయాల్సిన పని. మందు మానేసి క్యాప్సూల్ వేసుకుంటే జబ్బు తిరగబెడుతుంది.

కీళ్ల నొప్పికే పోటీగా దొరికే ఇంకో మొక్క సరుకు బోస్వెల్లియా, మన అందుగు చెట్టు బంక. దాంట్లోని ఏకేబీఏ అనే ఆమ్లం న్యూట్రోఫిల్స్‌లో మంట పెంచే 5-లిపాక్సిజనేజ్ ఎంజైమును అడ్డుకుంటుంది. విజయవాడ లైలా సంస్థ తయారుచేసిన 5-లాక్సిన్‌లో ఏకేబీఏ 30 శాతం ఉంటుంది. 2008లో 75 మంది మోకాలి రోగుల మీద 90 రోజుల పరీక్షలో రోజుకు 100, 250 మిల్లీగ్రాముల మోతాదులు రెండూ నొప్పిని తగ్గించాయి. పరీక్షకు వెనక కంపెనీయే ఉందన్నది గుర్తుంచుకోవాలి. లేబుల్ మీద ‘65 శాతం బోస్వెలిక్ ఆమ్లాలు’ అని ఉంటే అది టైట్రేషన్ అంకె, అన్ని ఆమ్లాలూ కలిపి లెక్కేసినది. ఏకేబీఏ ఎంతో విడిగా రాయని సీసాను పక్కన పెట్టండి.

వంటింటి పసుపుతో సరిపోదా?

మోతాదు లెక్కన సరిపోదు. దుగ్గిరాల కొమ్మయినా నిజామాబాద్ కొమ్మయినా కర్క్యుమినాయిడ్లు రెండు నుంచి ఐదు శాతం. మూడు శాతం అనుకుంటే రోజుకు వెయ్యి మిల్లీగ్రాములకు 33 గ్రాముల పొడి తినాలి. అది పదకొండు చెంచాలు. అంత తింటే పసుపులోని ఆక్సలేట్ మూత్రపిండాల్లో రాళ్లవాళ్లకు చేటు.

మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ వాళ్లు తేల్చిన ఒక సంగతి మాత్రం వంట చేసేవాళ్లకు పనికొస్తుంది. ఉడికించినప్పుడు కర్క్యుమిన్ 27 నుంచి 53 శాతం పోతుంది, పది నిమిషాల ప్రెషర్ కుక్కర్‌లో అన్నిటికంటే ఎక్కువ. చింతపండు ఉంటే ఆ నష్టం 12 నుంచి 30 శాతానికి తగ్గుతుంది. పులుసులో పసుపు పప్పులో పసుపు కంటే బాగా నిలుస్తుందన్నమాట. పప్పుకు కుక్కర్ దించాక తాలింపు నూనెలో వేసుకోవడం మేలు. మిరియంలో పైపరిన్ సుమారు ఐదు శాతం, కాబట్టి ప్రయోగంలోని 20 మిల్లీగ్రాములకు ఎనిమిది, పది గింజలు కావాలి. పాలల్లో చిటికెడు వేస్తే అంత రాదు.

పొడి కొనేటప్పుడు కర్క్యుమిన్ శాతం కంటే సీసం ముఖ్యం. రంగు కోసం కలిపే లెడ్ క్రోమేట్ దక్షిణాసియాలో నిజమైన బెడద. బంగ్లాదేశ్‌లో 2019లో దీన్ని బయటపెట్టాకే ప్రభుత్వం కదిలింది. కొమ్ములు కొని మరలో పట్టించుకోవడం మేలే కానీ మెరుగు కోసం రంగు పూసిన కొమ్ములూ ఉంటాయి. పసుపు రంగు పొడిలా చేతికి ఎక్కువగా అంటుకునే కొమ్ములు వద్దు.

ఎవరు వాడొద్దు, ఎలా వాడాలి

‘సహజం కాబట్టి హాని లేదు’ అన్న మాటకు కాలేయ విభాగం డాక్టర్లు ఒప్పుకోరు. అమెరికాలో మందుల వల్ల కాలేయానికి జరిగే హానిని నమోదుచేసే వ్యవస్థ 2011 నుంచి 2022 దాకా పసుపు సప్లిమెంట్ల వల్ల జరిగిన పది కేసులను వివరించింది. ఐదుగురు ఆస్పత్రిలో చేరారు, ఒకరు చనిపోయారు. పది మందిలో ఏడుగురికి హెచ్‌ఎల్‌ఏ-బీ*35:01 అనే జన్యు రకం ఉంది. మూడు ఉత్పత్తుల్లో పైపరిన్ దొరికింది. ఇటలీ ప్రభుత్వం 2019లోనే ఇలాంటి హెపటైటిస్ కేసుల మీద హెచ్చరిక ఇచ్చింది. అరుదే, కానీ ఎవరికి వస్తుందో ముందు తెలియదు. మూత్రం ముదురు రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, దురద, విపరీతమైన నీరసం వచ్చినా ఆపేసి కాలేయ పరీక్ష చేయించుకోవాలి. మలం పసుపు రంగులో రావడం మామూలే, దానికి భయపడక్కర్లేదు.

20 మిల్లీగ్రాముల కర్క్యుమిన్ కూడా పిత్తాశయాన్ని ముడుచుకునేలా చేస్తుంది. లోపల రాయి ఉంటే ఆ ముడుచుకోవడమే నొప్పి తెస్తుంది. వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లకు రక్తస్రావం ముప్పు. అవయవ మార్పిడి జరిగి టాక్రోలిమస్ వాడేవాళ్లలో ఆ మందు స్థాయి పెరిగిన కేసులున్నాయి. కర్క్యుమిన్ ఇనుమును పట్టుకుంటుంది కాబట్టి రక్తహీనతకు ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లు రెండింటినీ ఒకే పూట మింగొద్దు. గర్భిణులు వంటలో పసుపుతో సరిపెట్టుకోవాలి. ఆపరేషనుకు రెండు వారాల ముందు ఆపేయాలి.

ఈ జాబితాలో లేనివాళ్లు మోకాలి నొప్పికి వాడి చూడాలనుకుంటే: 95 శాతం సారమో పసుపు నూనె రకమో 500 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, నూనో నెయ్యో ఉన్న భోజనం మధ్యలో. ఖాళీ కడుపున వేసుకుంటే ఒంటికి పట్టదు, మంట పుడుతుంది. ఆహారంలో రంగుగా కర్క్యుమిన్‌కు అంతర్జాతీయ నిపుణుల సంఘం పెట్టిన రోజువారీ పరిమితి కిలో బరువుకు 3 మిల్లీగ్రాములు, 60 కిలోల మనిషికి 180. ఈ మోతాదు దానికి ఐదు రెట్లు ఎక్కువ కాబట్టి ఇది నెలల తరబడి సాగదీయాల్సింది కాదు. మొదలుపెట్టే ముందు కాలేయ పరీక్ష ఒకటి చేయించుకుని, నాలుగు వారాలకు మళ్లీ చూసుకోవడం మంచిది.

ఫలితాన్ని కొలవడానికి సీఆర్‌పీ (రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ చూపే) పరీక్షను నమ్ముకోవద్దు, జలుబు చేసినా అది పెరుగుతుంది. మెట్లు దిగేటప్పుడు నొప్పికి సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేసి రోజూ కేలండర్ మీద రాయండి. అదే వారాల్లో కొత్త వ్యాయామం, కొత్త నూనె, కొత్త బిళ్ల మొదలుపెడితే దేనివల్ల తగ్గిందో తెలియదు. ఆరో వారానికి అంకె కనీసం రెండు తగ్గకపోతే సీసా అక్కడితో ఆపేయండి. ‘ఇంకో మూడు నెలలు వాడితే తెలుస్తుంది’ అని షాపువాళ్లు చెప్పినా వినొద్దు. పైన చెప్పిన పసుపు పరీక్షల్లో ఫలితం వచ్చినవాటికి నెలలోపే వచ్చింది, పొడవైనదానికి పన్నెండు వారాలు. తగ్గితే మోతాదు సగం చేసి చూడండి. రెండు వారాలు పూర్తిగా మానేసి నొప్పి తిరిగొస్తుందో లేదో చూశాకే రెండో సీసా కొనండి.